గట్టు మీద కూర్చున్నది చాలు

"ఈతకు మించిన లోతు లేదు" అన్నారు మన పెద్దలు. ఈత వచ్చినవాడికి నీరు నిలువు లోతైనా, తాటిచెట్టు లోతైనా ఒకటేనని దాని భావం. కెనడాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో ఈ సామెత ఎందుకో పిల్లలకే పరిమితమైపోయింది.

పిల్లవాడికి నాలుగేళ్ళు నిండగానే కమ్యూనిటీ సెంటర్‌లో ఈత క్లాసుకు పేరు రాయిస్తాం. రిజిస్ట్రేషన్ మొదలయ్యే రోజున తెల్లవారకుండానే లేచి, ఇంట్లో ఉన్న రెండు కంప్యూటర్లూ తెరిచి, తిరుపతి దర్శనం టికెట్ల కోసం కాచుకున్నట్టు కాచుకుని మరీ సీటు సంపాదిస్తాం. తీరా క్లాసు మొదలయ్యాక మనం మాత్రం అద్దాల గోడకు ఇవతల బెంచీ మీద చేరతాం. చేతిలో టిమ్ హార్టన్స్ కాఫీ, ఒళ్ళో ల్యాప్‌టాప్, కళ్ళు ఆఫీసు ఈమెయిళ్ళ మీద. బట్టలు మార్చే వేళతో కలిపి వారానికి గంట అనుకుంటే ఏడాదికి సుమారు 50 గంటలు. పిల్లవాడికి పదేళ్ళు వచ్చేసరికి 300 గంటలు. నీటికి నాలుగడుగుల దూరంలో, పొడి బట్టలతో, కూర్చునే గడిపేస్తున్నాం.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ బెంచీ మీద నుంచి లేచి నీళ్ళలోకి దిగుదాం. చిన్నప్పుడు ఈత కొట్టి తర్వాత మానేసినవారు మళ్ళీ మొదలుపెడదాం. రానివారు ఇప్పుడు నేర్చుకుందాం. ఇందులో మన ఆరోగ్యం ఉంది, మన పిల్లల క్షేమం ఉంది, ఆ రెండింటికీ తోడు మన తెలుగు బడికి సంబంధించిన సంగతి కూడా ఒకటి ఉంది. అది చివర్లో చెబుతాం.

మన ఈత ఎక్కడికి పోయింది?

నలభై దాటిన తెలుగువారిని నలుగురిని కూర్చోబెట్టి ఈత మాట ఎత్తి చూడండి. కోస్తా వారు కాలువ కథ చెబుతారు. 1852లో ధవళేశ్వరం దగ్గర గోదావరికి, 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్టలు పూర్తయ్యాక డెల్టా ఊళ్ళ పక్కనుంచి కాలువలు పారాయి. పొలాలకు నీళ్ళిచ్చిన ఆ కాలువలే తరతరాల పిల్లలకు ఈత నేర్పాయి. వేసవిలో కాలువ కట్టేస్తే ఈతకూ సెలవే. తెలంగాణ, రాయలసీమ వారైతే మోట బావి గురించో, ఊరి చెరువు గురించో చెబుతారు. నడుముకు ఎండిన సొరకాయ బుర్రో, బెండు కట్టో కట్టి, బాబాయో మేనమామో బావిలోకి తోసేవాడు. అదే మొదటి పాఠం. పది రోజుల తర్వాత ఆ బుర్ర విప్పేసి మళ్ళీ తోసేవాడు. అది ఆఖరి పాఠం. సర్టిఫికెట్లు, లెవెల్ బ్యాడ్జీలు లేవు.

ఆ తర్వాత రెండు మార్పులు వచ్చాయి. ఒకటి నీళ్ళది. 1980, 90 దశకాల్లో మెట్ట ప్రాంతాల్లో బోర్లు విపరీతంగా పడ్డాయి. భూగర్భ జలం కిందికి దిగిపోయింది. నీళ్ళతో నిండి ఉండే పెద్ద బావులు ఒక్కొక్కటే ఎండి, చెత్తకుండీలుగా మిగిలాయి. ఈత నేర్పే బడి అలా చాలా ఊళ్ళలో మూతపడింది. రెండోది చదువులది. 1986లో ఎంసెట్ మొదలైంది. ఆ తర్వాత దశాబ్దంలో రెసిడెన్షియల్ కాలేజీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం మాక్ టెస్టు. ఇంజనీరింగ్ సీటు వచ్చింది, ఒంటికి మాత్రం ఆట పోయింది. ఫ్లూయిడ్ మెకానిక్స్ పరీక్షలో ఆర్కిమెడిస్ సూత్రం నిరూపించి మార్కులు తెచ్చుకున్నవారిలో, నీళ్ళలో తమ ఒళ్ళు తేలుతుందని నమ్మేవారు ఎంతమంది?

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. మగపిల్లలకు కాలువైనా, బావైనా కొన్నేళ్ళు దొరికాయి. చాలా ఇళ్ళలో ఆడపిల్లను పదేళ్ళు దాటాక నీళ్ళ దగ్గరకు పోనిచ్చేవారు కాదు. బిందెతో నీళ్ళు మోసుకురావడానికి అడ్డు లేదు, అదే నీళ్ళలో ఈదడానికి మాత్రం అడ్డు. ఈ సంచిక చదువుతున్న అమ్మల్లో చాలామందికి ఈత "మళ్ళీ మొదలుపెట్టే" పని కాదు, మొదటిసారి దిగే పని. వారిని కూడా దృష్టిలో పెట్టుకునే ఈ మాటలు రాస్తున్నాం.

నలభై దాటిన ఒంటికి నీళ్ళు చేసే మేలు

మన రక్తంలోనే ఒక సమస్య ఉంది. హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ సోనియా ఆనంద్ బృందం కెనడాలోని దక్షిణాసియా, చైనా, ఐరోపా మూలాల వారిని పోల్చి చూసిన "షేర్" అధ్యయనం 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. గుండె జబ్బుల బాధ మన దక్షిణాసియా వారిలో ఎక్కువని, రక్తంలో చక్కెర తేడాలు కూడా మనలో ఎక్కువని అది చూపించింది. చూడటానికి సన్నగా ఉన్నా నడుము చుట్టూ కొవ్వు పట్టే ఒళ్ళు మనది. దానికి తోడు రోజుకు తొమ్మిది, పది గంటలు కుర్చీలో కూర్చునే ఉద్యోగాలు. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు అలిసే వ్యాయామం చేయాలని, రోజు మొత్తంలో కూర్చునే సమయం 8 గంటలు దాటకూడదని కెనడా 2020లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ రెండో లెక్కలో మన సాఫ్ట్‌వేర్ వారు మధ్యాహ్నం మూడింటికల్లా ఫెయిలవుతారు.

నడవవచ్చు కదా, జిమ్ముకు వెళ్ళవచ్చు కదా అంటారు. తప్పకుండా వెళ్ళవచ్చు. అయితే జనవరిలో పరుగు మొదలుపెట్టి మార్చికల్లా మోకాలు పట్టుకుని కూర్చున్న మిత్రులను మనం ఏటా చూస్తున్నాం. ఇరవై ఏళ్ళు కదలకుండా ఉంచిన కీళ్ళ మీద హఠాత్తుగా బరువు పడితే అవి ఒప్పుకోవు. నీళ్ళలో ఆ బాధ తక్కువ. నడుము లోతు నీళ్ళలో నిలబడితే కాళ్ళ మీద పడే బరువు సుమారు సగానికి తగ్గుతుంది. మెడ దాకా దిగితే పదో వంతుకు వస్తుంది. 80 కిలోల మనిషి 8 కిలోల వాడైపోతాడు! అలాగని అది విశ్రాంతి కాదు. నీరు గాలి కంటే 800 రెట్లు చిక్కన. ప్రతి బారకూ చేతులు, భుజాలు, వీపు, నడుము, తొడలు అన్నీ పని చేస్తాయి. రోజంతా మౌస్ పట్టుకుని ముందుకు వంగిపోయిన భుజాలకు వెల్లకిలా ఈదడం ఎంత హాయో చేసినవారికే తెలుస్తుంది.

ఈతతో అన్నీ సాధించవచ్చని మేము చెప్పం. నీళ్ళు బరువును మోసేస్తాయి కాబట్టి ఎముకలకు కావలసిన ఒత్తిడి ఈతలో అందదు. అందుకు నడక, కొద్దిగా బరువులెత్తడం వేరే ఉండాలి. పైగా ఈత కొట్టి వచ్చాక ఆకలి దంచేస్తుంది. అరగంట ఈది ఇంటికొచ్చి మిరపకాయ బజ్జీలు అరడజను లాగిస్తే లెక్క మొదటికొస్తుంది. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి. చక్కెర వ్యాధికి ఇన్సులిన్, మాత్రలు వాడేవారికి నీళ్ళలో ఉండగా చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. వారు ముందే పరీక్షించుకుని, తినడానికి ఏదైనా దగ్గర పెట్టుకుని, లైఫ్‌గార్డుకు ఒక మాట చెప్పి దిగడం మంచిది.

ఈత మరిచిపోం, ఊపిరి మరిచిపోతాం

ఈత, సైకిలు ఒకసారి వస్తే జీవితాంతం మరిచిపోరంటారు. అది నిజమే. ఇరవై ఏళ్ళ తర్వాత దిగినా చేతులు కదులుతాయి, ఒళ్ళు తేలుతుంది. కానీ 25 మీటర్ల కొలనులో ఆ ఒడ్డుకు చేరేసరికి ఆయాసంతో గోడ పట్టుకుని, "ఇక మన వల్ల కాదు, వయసైపోయింది" అనేస్తాం. ఈ ఒక్క మాటతోనే సగం మంది రెండోసారి రావడం మానేస్తారు. కాబట్టి ఆ ఆయాసం ఎక్కడి నుంచి వస్తుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

వయసు దానికి కొంత కారణం. ఎక్కువ కారణం మన ఊరి ఈత. బావిలో, కాలువలో మనం నేర్చుకున్నది తల పైకెత్తి నీళ్ళు చరుస్తూ పోయే ఈత. గేదె ఎటు వస్తోందో, చెంబు ఎటు కొట్టుకుపోతోందో చూసుకోవాలి కాబట్టి అక్కడ అది సరిపోయింది. తల పైకి లేస్తే నడుము, కాళ్ళు కిందికి దిగుతాయి. ఒళ్ళు నీళ్ళలో ఏటవాలుగా నిలిచి, పడవలా దూసుకుపోకుండా తలుపులా నీటిని తోస్తుంది. దానికి తోడు మనం ఊపిరి బిగబడతాం. లోపలి గాలి వదలకుండా కొత్త గాలి పీల్చాలని చూస్తే ఎక్కడ పడుతుంది? ఆయాసమంతా అక్కడిదే.

దీనికి మందు చాలా చిన్నది. ముఖం నీళ్ళలో పెట్టి, నెమ్మదిగా బుడగలు వదులుతూ ఉండాలి. గాలి కావలసినప్పుడు తల పైకెత్తకుండా పక్కకు తిప్పి పీల్చాలి. మొదటి వారం ఈదకపోయినా ఫరవాలేదు. నడుము లోతులో గోడ పట్టుకుని ఈ ఒక్కటే సాధన చేస్తే చాలు. పక్క లేనులో అయిదేళ్ళ పిల్లలు కూడా అదే పని చేస్తుంటారు. వారిని చూసి సిగ్గుపడక్కరలేదు, వారి దగ్గరే నేర్చుకోవచ్చు.

రెండో సూత్రం ఇంజనీర్లకు తేలిగ్గా ఎక్కుతుంది. వేగం రెట్టింపు చేస్తే నీటి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. కనుక తొందరపడినవాడే ముందు అలిసిపోతాడు. నెమ్మదిగా, పొడవుగా బార వేయాలి. వారానికి రెండు రోజులు, రోజుకు అరగంట పెట్టుకోండి. ఒక పొడవు ఈది, ఊపిరి కుదుటపడే దాకా ఆగి, మళ్ళీ ఇంకొక పొడవు. అలా 8 పొడవులు పూర్తి చేస్తే 200 మీటర్లు. మొదటి నెలకు అది చాలు. మూడు, నాలుగు నెలల్లో 20 పొడవులకు, అంటే అర కిలోమీటరుకు చేరితే చాలా మంచి ప్రగతి. బడిలో వాలంటీర్లుగా పని చేసే మేము నలుగురైదుగురం కొంతకాలంగా ఈ పద్ధతిలోనే వెళ్తున్నాం. మాలో ఎవరికీ పతకాలు రాలేదు. మెట్లెక్కితే రొప్పడం తగ్గింది, రాత్రి నిద్ర బాగా పడుతోంది.

కొలను మర్యాదలు కూడా కొన్ని ఉన్నాయి. లేనుల ముందు నెమ్మది, మధ్యస్థం, వేగం అని బోర్డులు పెడతారు. మొహమాటపడకుండా నెమ్మది లేనులో దిగండి. రోడ్డు మీద లాగే లేనులో కుడి పక్కన వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడూ కుడి పక్కనే రావాలి. ఆగవలసి వస్తే మధ్యలో ఆగకుండా చివర మూలకు జరిగి నిలబడాలి. దిగే ముందు స్నానం తప్పనిసరి. ఇది మన పుష్కరాల స్నానం కాదు కాబట్టి సబ్బు, షాంపూ కొలను బయటే!

"మాకెక్కడ కుదురుతుందండీ?"

ఈ మాట ఎత్తగానే మాకు వినిపించే అభ్యంతరాలు అయిదారున్నాయి. అన్నిట్లోనూ కొంత నిజం ఉంది.

మొదటిది సమయం. వారానికి రెండు గంటలు కొత్తగా పుట్టించమని మేము అడగడం లేదు. ఇప్పటికే ఖర్చు చేస్తున్న ఆ బెంచీ గంటతో మొదలుపెట్టండి. చాలా కమ్యూనిటీ సెంటర్లలో పిల్లల క్లాసులు జరిగే వేళకు అటూ ఇటూగా పెద్దల లేన్ ఈత, అందరి ఈత ఉంటాయి. సీజను మొదట్లో పిల్లల క్లాసు ఎంచుకునేటప్పుడే పక్కన ఈ టైమ్‌టేబుల్ కూడా పెట్టుకుని చూడాలి. పిల్లలు మరీ చిన్నవాళ్ళైతే దంపతులు వారం మార్చి వారం దిగవచ్చు.

రెండోది డబ్బు. నగరపాలక కొలనుల్లో ఒకసారి దిగడానికయ్యే రుసుము ప్రైవేటు జిమ్ముల చందాలతో పోలిస్తే స్వల్పం. టొరంటో నగరం వేసవిలో నడిపే ఆరుబయటి కొలనుల్లో ఈతకు రుసుమే లేదు. ఆదాయం తక్కువున్న కుటుంబాలకు చాలా నగరాల్లో రాయితీ పథకాలు ఉన్నాయి. కొత్తగా వచ్చినవారు మొహమాటం లేకుండా అడిగి తెలుసుకోవాలి.

మూడోది చలి. బయట మైనస్ ఇరవై ఉన్నా లోపలి కొలను వెచ్చగానే ఉంటుంది. అసలు ఏడాదికి అయిదు నెలలు బయట నడవలేని ఈ దేశంలో ఏ నెలలోనైనా ఆగకుండా సాగే వ్యాయామం ఇది. ఒక్క జాగ్రత్త చాలు. తల పూర్తిగా ఆరబెట్టుకుని, ఊలు టోపీ పెట్టుకునే బయటికి రావాలి. తడి జుట్టుతో పార్కింగ్ లాట్ దాటితే కారు చేరేసరికి వెంట్రుకలు పుల్లల్లా గట్టిపడతాయి.

నాలుగోది సిగ్గు. బొజ్జతో, బట్టతలతో, పదిమంది ముందు ఈత నిక్కరులో నిలబడటం మనవారికి కష్టమే. కానీ ఉదయం ఏడింటికి కొలనుకు వెళ్ళి చూడండి. డెబ్భై ఏళ్ళ వారు, మోకాలి ఆపరేషను చేయించుకున్నవారు, నిండు గర్భిణులు వస్తారు. ఎవరి ఈత వారిది. మన బొజ్జను చూసే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

అయిదోది ఆడవారి ఇబ్బంది. దీన్ని సిగ్గుతో కలిపి కొట్టిపారేయకూడదు. చీరలోనో, చుడీదారులోనో పెరిగినవారికి ఈత దుస్తులు వేసుకోవడం చిన్న విషయం కాదు. ఇప్పుడు మణికట్టు దాకా, చీలమండ దాకా ఉండే ఈత దుస్తులు దొరుకుతున్నాయి. ఈత బట్టతో కుట్టినవైతే కొలనుల్లో సాధారణంగా అభ్యంతరం పెట్టరు. ఆడవారికి మాత్రమే అని వేళలు కేటాయించే కొలనులు కూడా ఉన్నాయి. టొరంటోలో 2012లో తెరిచిన రీజెంట్ పార్క్ ఈత కేంద్రాన్ని గాజు గోడలతో కట్టారు, ఆడవారి వేళల్లో లోపలికి కనబడకుండా దించే తెరలు కూడా అమర్చారు. అడిగేవారు ఉంటే ఏర్పాట్లు వస్తాయి. మన సంఘం నుంచి ఇరవై మంది ఆడవారు కలిసి తమ కమ్యూనిటీ సెంటరుకు ఒక ఉత్తరం రాస్తే, దానికుండే బరువు వేరు.

చివరిది వయసు. దీనికి మేము సమాధానం చెప్పేకంటే ఇద్దరు కెనడా వారిని పరిచయం చేస్తాం. బెటీ బ్రసెల్ గారు 1924లో నెదర్లాండ్స్‌లో పుట్టి, మనలాగే వలస వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. అరవై దాటాక పోటీ ఈతలోకి వచ్చారు. 2024 జనవరిలో, తన 99వ ఏట, బ్రిటిష్ కొలంబియాలో ఒకే రోజు మూడు ఈత పోటీల్లో తన వయోవర్గపు ప్రపంచ రికార్డులు తిరగరాశారు. విన్నిపెగ్‌కు చెందిన జారింగ్ టిమ్మర్‌మన్ గారు 1909లో పుట్టారు. దాదాపు ఎనభై ఏళ్ళ వయసులో పోటీలు మొదలుపెట్టి, 2014లో 105 నుంచి 109 ఏళ్ళ వారి వర్గంలో రికార్డులు నెలకొల్పారు. ఆ వర్గంలో ఆయనకు పోటీగా దిగేవారు దొరక్కపోవడం వేరే సంగతి! వారి లెక్కన మన నలభై అయిదేళ్ళు ఇంకా బాల్యమే.

సరస్సుల దేశంలో ఈత రాకుండా

ఇక క్షేమం సంగతి. కెనడాలో వేసవి అంటే సరస్సు, కాటేజీ, పడవ. మనవాళ్ళూ నాలుగు కుటుంబాలు కలిసి కాటేజీ అద్దెకు తీసుకుని, పులిహోర, బార్బెక్యూ చికెన్‌తో సహా వెళ్తాం. కొత్తగా కెనడాకు వచ్చినవారిలో ఈత రానివారు ఇక్కడ పుట్టినవారి కంటే నాలుగు రెట్లు ఎక్కువని లైఫ్‌సేవింగ్ సొసైటీ 2010లో జరిపించిన సర్వే చెప్పింది. ఉత్తర అమెరికాలో ఏదో ఒక సరస్సులోనో జలపాతం దగ్గరో మన తెలుగు కుర్రవాడు మునిగిపోయాడన్న వార్త వేసవి వస్తే వింటూనే ఉంటాం.

ఇక్కడ ఒక విషయం తల్లిదండ్రులు ఆలోచించాలి. పిల్లలకు ఈత నేర్పించాం కదా, ఇక భయం లేదనుకుంటాం. కానీ అలసిపోయిన పిల్లవాడు లోతులో చేతులు ఆడిస్తుంటే ఈత రాని తండ్రి గట్టు మీద నిలబడి చూడడు, దూకుతాడు. అప్పుడు కాపాడవలసినవారు ఇద్దరవుతారు. ఈత వచ్చినవారు కూడా వెంటనే దూకకూడదనీ, ముందు కర్రో, తాడో, తేలే వస్తువో అందించాలనీ ఇక్కడి రక్షకులు నేర్పుతారు. ఆ నిమిషంలో ఆ మాట గుర్తుండాలంటే నీటితో ముందే పరిచయం ఉండాలి.

కొలనులో అర కిలోమీటరు ఈదగలిగినవారు కూడా సరస్సును అదే లెక్కన చూడకూడదు. ఇక్కడి నీళ్ళు మన గోదావరి నీళ్ళు కావు. జూన్‌లో ఎండ కాస్తున్నా నీరు గడ్డకట్టించేలా ఉంటుంది. చల్లటి నీళ్ళ ప్రభావాన్ని పరిశోధించిన మానిటోబా విశ్వవిద్యాలయం ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన "ఒకటి, పది, ఒకటి" అనే గుర్తు పిల్లలకు కూడా నేర్పదగినది. గడ్డకట్టే నీళ్ళలో పడితే ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం. చేతులు, కాళ్ళు మాట వినేది 10 నిమిషాలు. చలికి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. కాబట్టి పడగానే కంగారుగా ఈదడం మొదలుపెట్టకుండా, మొదటి నిమిషం తేలుతూ ఊపిరి నిలబెట్టుకోవాలి. ఆ గంట బతికి ఉండాలంటే లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, పడవలో సీటు కింద కాదు.

మరి పెద్దవారికి కనీసం ఎంత ఈత రావాలి? లైఫ్‌సేవింగ్ సొసైటీ ఒక చక్కటి కొలమానం పెట్టింది. అనుకోకుండా పడ్డట్టు లోతు నీళ్ళలోకి దొర్లాలి, ఒక నిమిషం మునగకుండా నీళ్ళపై నిలవాలి, 50 మీటర్లు ఎలాగైనా ఈదాలి. కొలనులో రెండు పొడవులంతే. అంతమాత్రం వస్తే చాలు, చాలా ప్రమాదాల్లో ఒడ్డు చేరవచ్చు. 1946 నుంచి ఈత పాఠాలు నడిపిన కెనడా రెడ్ క్రాస్ 2022లో ఆ పని నుంచి తప్పుకున్నాక, చాలా నగరాలు లైఫ్‌సేవింగ్ సొసైటీ పాఠాలకు మారాయి. వాటిలో పెద్దలకు ప్రత్యేకంగా మూడు స్థాయిలు ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళ వయసులో మొదటిసారి ముఖం తడుపుకునేవారి కోసమే మొదటి స్థాయి.

మన బడికీ దీనికీ సంబంధం ఏమిటి?

మొదట్లో చెప్పిన మూడో సంగతి ఇది. ప్రతి వారాంతం మన పిల్లలు ఆట మానుకుని, స్నేహితుల పుట్టినరోజు పార్టీలు వదులుకుని తెలుగు బడికి వస్తారు. "ఱ" ఎందుకుందో, "ళ" ఎలా పలకాలో తెలియక తడబడతారు. పక్కన పిల్లలు నవ్వుతారు. మనం ఇంట్లో "అలా కాదు, ఇలా" అని దిద్దుతాం. వారికి కనిపించే లోకంలో నేర్చుకునే పని అంతా పిల్లలదే. పియానో, లెక్కలు, హాకీ, తెలుగు అన్నీ వారివే. పెద్దవాళ్ళు దింపుతారు, తీసుకెళ్తారు, ఫీజు కడతారు. నేర్చుకోవడమంటే చిన్నవాళ్ళకు వేసే శిక్ష, పెద్దయితే తప్పించుకోవచ్చు అని వారు అనుకుంటే తప్పు వారిది కాదు.

అదే నాన్న నీళ్ళలో దిగి బుడగలు వదలలేక ఉక్కిరిబిక్కిరవుతుంటే, అమ్మ గోడ వదలడానికి భయపడుతుంటే, కూతురు వచ్చి "అలా కాదమ్మా, తల పక్కకి తిప్పు" అని చెబుతుంది. ఆ నిమిషంలో గురువు ఆ పిల్ల. తను తెలుగు బడిలో పడే తడబాటు అమ్మా నాన్నలకూ ఉంటుందని అప్పుడు తెలుస్తుంది. ఆ పిల్ల మరుసటి శనివారం ఎంత హుషారుగా బడికి వస్తుందో మేము హామీ ఇవ్వలేం. కానీ "నువ్వు నేర్చుకో" అనే మాటకూ, "మనం నేర్చుకుందాం" అనే మాటకూ ఉన్న తేడా ఆ పిల్లకు ఎవరూ వివరించనక్కరలేదు.

పిల్లలూ, ఇది చదవగలిగినవారికి ఒక పని అప్పజెబుతున్నాం. ఈ వారం మీ అమ్మానాన్నలను "మీకు ఈత వచ్చా? ఎక్కడ నేర్చుకున్నారు?" అని తెలుగులోనే అడగండి. బావి, మోట, గట్టు, కాలువ, రేవు, బార, మునక లాంటి మాటలు ఎన్ని వస్తాయో రాసుకుని బడికి తీసుకురండి. తర్వాత వారిని వెంటబెట్టుకుని కొలనుకు వెళ్ళండి. నేర్పేటప్పుడు నవ్వకండి. నవ్వినా కొంచెమే నవ్వండి.

పెద్దలకు మా ప్రతిపాదన ఇది. వచ్చే సీజను నుంచి నెలకొక శనివారం బడి వదిలిన తర్వాత, వీలున్న కుటుంబాలన్నీ దగ్గరలోని ఒకే కొలనుకు కలిసి వెళ్దాం. ఈత వచ్చినవారు రానివారికి తోడుంటారు. ఆడవారి వేళల కోసం రాయవలసిన ఉత్తరం మీద సంతకాలు బడి వార్షికోత్సవం నాడే సేకరిద్దాం. అందరం లోతు వైపుకు వెళ్ళనక్కరలేదు. నడుము లోతు నుంచే మొదలుపెడదాం. తువ్వాలు, ఊలు టోపీ మరిచిపోకండి.